టీడీఎస్ పెన్ను చెప్పనిది: కాలనీ ట్యాంకీ నీళ్లతో నా అనుభవం

మా కాలనీ కాజీపేట దాటాక, ఒకప్పుడు పత్తి చేలుండే భూమిలో వెలిసింది. 140 దాకా ఇళ్లు, రెండు బోర్లు, 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకీ, రోజూ తెల్లారకముందే వచ్చి వాల్వులు తిప్పే ఆపరేటర్ ఒకరు. పైపులైను ద్వారా గోదావరి నీళ్లు కూడా కొన్ని గల్లీలకు వస్తాయి గానీ అందరికీ సరిపోవు, కాబట్టి కాలనీ నడిచేది ముఖ్యంగా బోర్ల మీదనే. దీన్నంతా చూసుకునేది కాలనీ అసోసియేషన్. దానికి సెక్రటరీని నేను. ఎన్నుకున్నారు అనేకన్నా నేను మీటింగుకు పోని రోజు నా పేరు రాసేశారంటే సరిగ్గా ఉంటుంది. కరెంటు బిల్లు కట్టడం, మోటరు కాలితే మెకానిక్కును పిలవడం, నీళ్లు రాని ఇంటివాళ్ల చేత మాటలు పడడం, పదవి అంటే ఇదే. నీళ్లు తాగడానికి పనికొస్తాయా అని చూడడం ఎవరి పని అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

వానాకాలం మొదలైన కొన్నాళ్లకు ఆఖరి రెండు గల్లీల్లో వరసగా వాంతులు, విరేచనాలు. తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలకు పసిరికలు. ఇక వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ఒకాయన టీడీఎస్ పెన్ను గ్లాసులో ముంచి 840 అని ఫొటో పెట్టాడు, ఇంకొకాయన తన ఇంట్లో 815 అన్నాడు, ఇంకొకాయన వెయ్యి లోపల ఉంటే పర్వాలేదన్నాడు, అలా ఒక పూటంతా 840కీ 815కీ మధ్య వాదన. జబ్బుపడ్డ పిల్లలకూ ఆ అంకెకూ సంబంధమేంటని ఒక్కరూ అడగలేదు.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క. ఆ పెన్ను చేసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని అంచనా చెప్పడం, అంతే. సూక్ష్మక్రిములు దానికి కనిపించవు. నైట్రేటు ఎంత, ఫ్లోరైడు ఎంత అని విడదీసి కూడా చెప్పదు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా ఉంటే మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకోవచ్చు. అంటే మా 840 రుచికి కాస్త ఉప్పగా ఉంటుంది, కుక్కర్ అడుగున తెల్లగా పేరుకుంటుంది గానీ పిల్లలకు విరేచనాలు తెచ్చేది మాత్రం అది కాదు.

నాకు దారి చూపింది మా అక్క. పరకాల వైపు ఊళ్లో ఉంటుంది, మహిళా సంఘం మనిషి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించే కార్యక్రమం ఉంది, ఆమె అందులో నేర్చుకుంది. ఫోన్ చేసి సంగతి చెప్తే, "పెన్ను పక్కకు పెట్టు తమ్మీ, నేనొచ్చేటప్పుడు సీసాలు తెస్త" అంది. తెచ్చింది. చిన్న గాజు సీసాలు, అడుగున ఎండిపోయిన మందు పూత. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటిన్నర రెండు రోజులు గదిలో పెట్టాలి. నీళ్లు నల్లబడితే పేగుల నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉండే అవకాశం బాగా ఉన్నట్టు. దీన్ని హెచ్‌టూఎస్ పరీక్ష అంటారు. మేం బోరు దగ్గర ఒకటి, ట్యాంకీ దిగువ నల్లా దగ్గర ఒకటి, ఆఖరి గల్లీలో ఒక ఇంటి నల్లా దగ్గర ఒకటి పట్టాం. తెల్లారి చూస్తే ఆఖరి గల్లీ సీసా కాటుకలా నల్లగా ఉంది. ట్యాంకీ సీసా సాయంత్రానికి మసకబారింది. బోరుది రెండో రోజుకు కూడా తేటగానే ఉంది. ఆ మూడు సీసాలను వరసగా పెట్టి తీసిన ఫొటో గ్రూపులో పెట్టాక టీడీఎస్ చర్చ ఆగింది.

పక్కనున్న ప్లాంటు క్యాన్ల నీళ్లు కూడా పరీక్షించమని కొందరు పట్టుబట్టారు. రెండు క్యాన్లలో ఒకటి తేటగా ఉంది, ఒకటి నల్లబడింది. ప్లాంటు ఆయన టీడీఎస్ 35 అని గర్వంగా బోర్డు పెట్టుకున్నాడు. ప్లాంటులో నీళ్లను వడగట్టే ఆర్‌ఓ మెంబ్రేన్ క్రిములను ఆపుతుంది, నిజమే, కానీ అవతల పడే స్టీలు ట్యాంకు, పది ఇళ్లు తిరిగొచ్చిన క్యాను, దాన్ని కడిగే చెయ్యి, వీటిని ఆపదు. పైగా ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి తర్వాత ఏ మురికి చేరినా అడ్డుకునేది ఏదీ లేదు.

ఈ సీసా పరీక్ష బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది మాత్రమే చెప్తుంది, లెక్క చెప్పదు. లెక్క కావాలంటే ల్యాబే. మా అసోసియేషన్ ఆఫీసు గోడకు బోరు వేసిన కొత్తలో తెప్పించిన ఒక ప్రైవేటు ల్యాబు రిపోర్టు ఫ్రేము కట్టి ఉంది. దించి చదివితే పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడులు, కింద 'తాగడానికి యోగ్యం' అని సంతకం. బ్యాక్టీరియా పరీక్షే లేదు, నైట్రేటు లేదు, నమూనా ఎక్కడ తీశారో లేదు. ఇలాంటి కాగితాలు ఎన్ని అపార్టుమెంట్ల గోడల మీద వేలాడుతున్నాయో. ల్యాబుకు వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి: ఎన్ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని మాత్రమే కాదు, మనకు కావాల్సిన పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉందా అని కూడా అడగాలి.

నమూనా తీయడం కూడా ఒక పనే. రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన క్యాను, అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి నిండా పట్టాలి. బ్యాక్టీరియాకు మాత్రం ల్యాబువాళ్లిచ్చే స్టెరైల్ సీసానే వాడాలి, ఇంట్లో బిస్లరీ సీసా పనికిరాదు. నల్లా మూతిని స్పిరిటుతో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, సీసా మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, పైన కాస్త ఖాళీ వదలాలి. సీసాలో ఒక చుక్క సోడియం థయోసల్ఫేటు ముందే వేసి ఉంటుంది, దాన్ని కడిగి పారబోయకూడదు. నీళ్లలో క్లోరిన్ ఉంటే ల్యాబుకు చేరేలోపు దారిలో క్రిములను చంపుతూ పోతుంది, రిపోర్టు ఉన్నదానికన్నా బాగా వస్తుంది, అది జరగకుండా క్లోరిన్‌ను అక్కడికక్కడే విరిచే మందు అది. తర్వాత ఐసుపెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చగలిగితే మంచిది, ఎట్టి పరిస్థితుల్లో 24 గంటలు దాటొద్దు. మేం థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి బండి మీద పట్టుకుపోయాం, నా వెనక కూర్చున్న ఆపరేటర్ దారిపొడుగునా "సార్, ఇండ్ల ఐస్క్రీము ఉందనుకుంటున్నరు అందరు" అని ఒకటే నవ్వు.

రిపోర్టు వచ్చింది. ఫ్లోరైడు లీటరుకు 1.2 మిల్లీగ్రాములు, కింది రసాయనాల అంకెలన్నీ ఇదే లెక్కలో. ప్రమాణం 1.0, తప్పనిసరైతే 1.5 దాకా, అంటే అంచు మీద ఉన్నాం. మన వైపు గ్రానైటు రాయి పొరల్లో ఊరే నీళ్లకు ఫ్లోరైడు కొత్త కాదు. కాఠిన్యం 410, హద్దు 200 నుంచి 600 మధ్య, పర్వాలేదు. బ్యాక్టీరియా సంగతి సీసాలు చెప్పినట్టే ఉంది: బోర్లలో లేదు, ట్యాంకీలో కోలిఫాం (మురికి చేరిందని చెప్పే బ్యాక్టీరియా) ఉంది, ఆఖరి నల్లాలో ఈ.కోలి (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) కూడా ఉంది. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదన్నది నియమం, ఇక్కడ 'కొంచెం ఉంటే పర్వాలేదు' అనే మాటే లేదు. అందరూ వదిలేసేది ఇంకోటి ఉంది, నైట్రేటు. హద్దు 45, దానికి సడలింపు లేదు. రెండో బోరులో 38. మొదటి బోరులో 71. ఎక్కువ నీళ్లు పోసేది మొదటిదే మరి.

మీటింగు పెట్టాం. క్లోరిన్ వేద్దామంటే ముందు వ్యతిరేకత వచ్చింది. జుట్టు రాలుతుంది, వాసనొస్తుంది, టీ రుచి పోతుంది. ఒక పెద్దాయన, "మేం ప్లాంటు నీళ్లే తాగుతం గదా, ట్యాంకీ నీళ్లు ఎట్లుంటే ఏంది" అన్నారు. దానికి ఆయన కోడలే జవాబిచ్చింది. "పండ్లు తోముకునేది ఏ నీళ్లతోని మామయ్యా? కొత్తిమీర కడిగేది? పిల్లగాడు స్నానం చేసుకుంట మింగేది?" ఆ తర్వాత చర్చ సాగలేదు, తీర్మానం రాసేశాం.

పంపు రూములో బ్లీచింగు బస్తా ఒకటి ఎప్పటిదో తెరిచి ఉంది. గడ్డలు కట్టింది, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఘాటు లేదు. బ్లీచింగులో ఉన్న క్లోరిన్ గాలికీ తేమకూ ఎగిరిపోతూనే ఉంటుంది, ఘాటు పోయిందంటే పస పోయినట్టే. కొత్త బస్తా తెప్పించాం. లెక్క చాలా తేలిక, కానీ ఎవరూ వేయరు: లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలనుకుంటే 60,000 లీటర్లకు 120 గ్రాములు. పొడిలో క్లోరిన్ నాలుగో వంతు ఉంటే దాదాపు అర కిలో పొడి పడుతుంది. దాన్ని బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగనిచ్చి, పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకీలో పోయాలి. పోసి కనీసం అరగంట ఆగాలి. ఇంతకుముందు మా ఆపరేటర్ ఎప్పుడైనా గుర్తొస్తే ఒక గుప్పెడు వేసి అదే చేత్తో వాల్వు తిప్పేవాడు. అలా చెయ్యమని చూపించింది ఆయనకన్నా ముందున్న ఆపరేటరే, ఆయన్ని అనడానికేం లేదు.

ఎంత వేశామన్నది కాదు, ఆఖరి నల్లా దగ్గర ఎంత మిగిలిందన్నదే అసలు సంగతి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నీళ్లలో మురికి ఉంటే క్లోరిన్ దాని మీదనే ఖర్చయిపోతుంది, మిగిలిందే కాపలా. అది చూడడానికి చిన్న కిట్టు ఉంటుంది: గొట్టంలో నీళ్లు పట్టి డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది, పక్కనున్న రంగుల అట్టతో పోల్చి అంకె చదువుకోవాలి. రంగు రాకపోతే సున్న.

మొదటి రోజు ట్యాంకీ కింద 1.0 వచ్చింది, ముదురు గులాబీ. ఆఖరి గల్లీలో సున్న. మరునాడు మోతాదు కాస్త పెంచితే ట్యాంకీ దగ్గరి ఇళ్లవాళ్లు స్విమ్మింగ్‌పూలు వాసన అన్నారు, ఆఖరి గల్లీలో మళ్లీ సున్నే. అంటే మోతాదు తక్కువై కాదు, దారిలో ఏదో తినేస్తోంది. ఇక నేనూ ఆపరేటరూ నీళ్లు వదిలిన టైములో గొట్టం పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. మొదటి గల్లీ 0.8. రెండోది 0.6. మూడో గల్లీ మొదట్లో 0.5. అదే గల్లీలో ఇంకో నాలుగు ఇళ్లు పోయాక రంగు ఉందా లేదా అన్నట్టు, ఆ తర్వాత తెల్లగా. ఒక ఇంటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏందన్నా, నీళ్లకు కూడా షుగర్ పరీక్ష చేస్తున్నరా" అని అడిగింది.

ఆ నాలుగు ఇళ్ల మధ్య లైను మోరీ కింద నుంచి దాటుతుంది. తవ్వించాం. నల్లటి బురద తీశాక కనిపించింది: ఎవరో ఇంటి కనెక్షన్ ఇచ్చేటప్పుడు పీవీసీ పైపుకు రంధ్రం వేసి, సరైన సాడిల్ (పైపు చుట్టూ బిగించే పట్టీ) బిగించకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో కట్టేశారు. ట్యూబు మగ్గి పగిలిపోయింది. నీళ్లు వదిలినప్పుడు లోపలి నీళ్లు బయటికి కారతాయి, మోరీలోనే కలుస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. నీళ్లు బంద్ చేశాక పైపు ఖాళీ అయి మోరీ నీళ్లు లోపలికి. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి కాబట్టి మిగతా 22 గంటలు పైపు ఖాళీగానే ఉంటుంది, చిన్న చీలిక చాలు. దానికి తోడు ఆఖరి గల్లీలో సగం ఇళ్లు లైనుకే నేరుగా మోటరు పెట్టుకున్నాయి. మోటరు గుంజితే ముందున్న నీళ్లతో పాటు చీలికలో నుంచి మోరీని కూడా గుంజుతుంది. జబ్బులు ఆ గల్లీల్లోనే ఎందుకో అప్పుడర్థమైంది.

పైపు మార్చడం ఒక పూట పని. మోరీని దాటే చోట పైపును మోరీ కంటే పైకి లేపి ఇనుప గొట్టం తొడుగు వేశాం. మోటర్లు తీయించడమే అసలు తలనొప్పి. "ప్రెషర్ రాకుంటే మేమేం చెయ్యాలె" అన్నారు, అందులో న్యాయం ఉంది. మొత్తం కాలనీకి ఒకేసారి వదలడం మాని రెండు వంతులుగా వదలడం మొదలుపెట్టాక ఆఖరి గల్లీకి ప్రెషర్ వచ్చింది, మోటర్లు చాలావరకు పోయాయి. ఒకటి రెండు ఇంకా ఉన్నాయి, ఎవరివో అందరికీ తెలుసు, పేర్లు రాయను, వాళ్లు ఇది చదువుతారు.

ట్యాంకీ కడిగించాం. పైకెక్కి చూస్తే మూత సగం విరిగి, అంచుల మీద పావురాల రెట్టలు, గాలి గొట్టానికి జాలీ లేదు. ట్యాంకీలో కోలిఫాం అక్కడిదే. లోపలికి దిగి బ్లీచింగుతో గోడలు రుద్దేటప్పుడు మూతలన్నీ తీసి, గాలి ఆడేలా చేసి, పైన ఒక మనిషిని నిలబెట్టాలి, ఆ ఘాటుకు మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు.

ఇవన్నీ అయ్యాక మళ్లీ ల్యాబుకు నమూనాలు పంపితే బ్యాక్టీరియా ఎక్కడా లేదు, ఆఖరి నల్లాలో క్లోరిన్ 0.3.

నైట్రేటు మాత్రం క్లోరిన్‌తో పోదు. కాచినా పోదు, పైగా నీళ్లు ఆవిరై నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడు కూడా అంతే. 'కాచి తాగండి' అన్న మాట క్రిములకే పనికొస్తుంది. నైట్రేటు వచ్చేది ఎరువుల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి. మా దగ్గర అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు, మొదటి బోరుకు 50 అడుగుల లోపల మూడు సెప్టిక్ ట్యాంకులున్నాయి, బోరు వేసినప్పుడు ఆ ఇళ్లు లేవు. పెద్దవాళ్లకు వెంటనే ఏం కనిపించకపోవచ్చు గానీ ఆరు నెలల లోపు పిల్లలకు ఈ నీళ్లతో పాలపొడి కలిపితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలం తిరిగే ప్రమాదం ఉంది. కాలనీలో పసిపిల్లలున్న ఇళ్లకు నేనే వెళ్లి చెప్పాను, ఆడవాళ్లతో చెప్పాల్సిన మాట కాబట్టి మా ఆవిడను తోడు తీసుకుపోయాను.

రెండు బోర్ల నీళ్లు కలిపితే సరిపోతుంది కదా అని ఒక ఇంజినీరు మిత్రుడు అన్నాడు. లెక్క వేశాం: సగం సగం కలిపితే 54 దాటుతుంది. కలిపిన మొత్తంలో 71 నీళ్లు ఐదో వంతుకు తగ్గిస్తేనే 45 లోపలికి వస్తుంది, అదీ బొటాబొటిగా. ఎండాకాలం బోరు అడుగంటితే ఆ లెక్క కూడా నిలవదు. అందుకని మొదటి బోరును తాగునీళ్ల లైను నుంచి పూర్తిగా తెంపేసి, చెట్లకూ ఇళ్ల కట్టుబడికీ వేరే నల్లా పెట్టాం. ఆ లోటు పూడ్చడానికి పైపులైను నీళ్లను గల్లీలకు కాకుండా ఒకే పెద్ద కనెక్షన్‌గా సంపులోకి ఇమ్మని దరఖాస్తు చేశాం. అది రావడానికి చాలా తిరగాల్సి వచ్చింది, ఆ కథ వేరు. శుద్ధి చేసి పంపే ఆ నీళ్లలో నైట్రేటు 6 ఉంది, రెండో బోరుతో సగం సగం కలిపితే 22. ఫ్లోరైడు కూడా దాంతోపాటే ఒకటి లోపలికి దిగింది.

'రూలు ప్రకారం మనం ఎవరికి జవాబు చెప్పాలి' అని కొత్తగా వచ్చిన ట్రెజరర్ అడిగాడు. ఐఎస్ 10500 నల్లా నీళ్లకు ఒక ప్రమాణమే తప్ప, మాలాంటి కాలనీ తప్పితే జరిమానా వేసే చట్టం కాదు. మా ట్యాంకీ దగ్గరికి తనిఖీకి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. కాబట్టి తనిఖీ మేమే పెట్టుకున్నాం. పంపు రూములో ఒక రిజిస్టరు: తేదీ, ఎంత మందు వేశారు, ట్యాంకీ దగ్గర క్లోరిన్ ఎంత, ఆఖరి నల్లా దగ్గర ఎంత, ఎవరు చూశారు. ఆఖరి నల్లా ఇల్లు వారానికొకటి మారుతుంది, ఆ ఇంటివాళ్లే మాత్ర వేసి రంగు చూసి సంతకం పెడతారు. అందరికన్నా సరిగ్గా రాసేది ఏడో తరగతి పిల్ల ఒకతి, వాళ్ల నాన్న 0.2 అన్నా అట్టను వెలుతురుకు పట్టి "కాదు, 0.1" అని కొట్టేసి రాస్తుంది. ఆ రోజు ఆపరేటర్‌కు ఫోన్ పోతుంది. బ్యాక్టీరియా పరీక్ష వానలకు ముందొకసారి, వానల మధ్యలో ఒకసారి, రసాయన పరీక్ష ఏడాదికోసారి చేయించాలని తీర్మానం రాసుకున్నాం.

బ్లీచింగు బదులు ఇప్పుడు హైపో (సోడియం హైపోక్లోరైట్, ద్రవరూపంలో ఉండే క్లోరిన్ మందు) వాడుతున్నాం, బోరు నుంచి ట్యాంకీకి ఎక్కే లైనుకు చిన్న డోసింగ్ పంపు పెట్టి. పది శాతం హైపో అయితే ఒక ట్యాంకీకి 1.2 లీటర్లు. ఇందులో ఒక చిక్కుంది: ఎండకు హైపో పస తొందరగా దిగిపోతుంది, మన వరంగల్ మే నెల సంగతి తెలిసిందే కదా. డ్రమ్ము రేకుల షెడ్డులో ఉన్నన్నాళ్లు ఎంత పోసినా ఆఖరి నల్లాలో అంకె పడిపోతూనే ఉండేది. ఇప్పుడు ట్యాంకీ పిల్లర్ల నీడలో, తడి గోనెసంచి కప్పి పెట్టాం, ఒకేసారి నెలకు సరిపడా కాకుండా పది రోజులకు సరిపడా తెప్పిస్తున్నాం. డబ్బులు ఇంటికి నెలకు ముప్పై రూపాయలు ఎక్కువ పడుతున్నాయి, ఇందులో డీపీడీ మాత్రల ఖర్చు కూడా ఉంది. నలుగురు ఇంకా కట్టడం లేదు.